శ్రమదినాల్లో మాంసం మానే ఇంటికి, సంఘానికి: వాక్యం, వంట, లెక్కలు

శ్రమదినాలు (లెంట్) అంటే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. 2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న వస్తున్నాయి. ఈ రోజుల్లో మాంసం మానడం తెలుగు కథోలిక, సీఎస్ఐ, లూథరన్ ఇళ్లకు కొత్త కాదు. కానీ "ఎందుకు మానుతున్నాం?" అని పిల్లలు అడిగితే "మన పెద్దలు మానేవాళ్లు" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఉంటేనే నలభై రోజులూ నిలబడతాయి. అందుకే ముందు వాక్యం, తర్వాత వంటిల్లు.

మాంసం మైల కాదు

ఇది మొదట తేల్చుకోకపోతే మిగతాదంతా దారి తప్పుతుంది. బయటి నుంచి లోపలికి వెళ్లేది మనిషిని అపవిత్రం చేయదని యేసు చెప్పాడు (మార్కు 7). యొప్పేలో మేడమీద పేతురుకు దిగివచ్చిన దుప్పటి దర్శనం కూడా అదే చెప్పింది (అపొస్తలుల కార్యములు 10). ఆహారం మానమని కట్టడ చేసేవాళ్ల గురించి పౌలు తిమోతికి గట్టిగానే రాశాడు (1 తిమోతి 4).

మన దగ్గర ఈ మాటకు ఇంకో బరువు ఉంది. ఇక్కడ శాకాహారం కులంతో ముడిపడి పెరిగింది. తినే తిండిని బట్టి మనిషిని ఊరి బయట ఉంచిన నేల ఇది. తెలుగు సంఘాల్లో చాలా భాగం మాల, మాదిగ పేటల్లో పుట్టాయి. పెద్దకూర పేరు ఎత్తి తమను అవమానించినవాళ్లను ఆ ఇళ్లు ఇంకా మరచిపోలేదు. అలాంటి సంఘంలో "మాంసం మానితే పరిశుద్ధులమవుతాం" అని ప్రకటిస్తే, సువార్త తుడిచేసిన గీతను మళ్లీ గీసినట్టవుతుంది. కాబట్టి ప్రకటనలో "శుద్ధ శాకాహారం", "ప్యూర్ వెజ్" అన్న మాటలు వాడకండి. "ఉపవాస భోజనం" అంటే చాలు. మాంసం మానని కుటుంబాల పేర్లు రాసుకోవద్దు, చేతులెత్తించవద్దు. క్రైస్తవుడు మాంసం మానేది మైల భయంతో కాదు, కనికరంతో, ఆకలిగా ఉన్నవాడితో పంచుకోవడానికి.

ఆరు వారాల కుటుంబ ప్రార్థనకు చదవాల్సినవి

మొదటి వారం ఆదికాండము 1:29-30, ఆ వెంటనే 9:1-6. సృష్టి ఆరంభంలో మనిషికీ జంతువుకూ ఇచ్చిన ఆహారం మొక్కలే. మాంసానికి అనుమతి జలప్రళయం తర్వాత వచ్చింది, అదీ ఒక హద్దుతో: రక్తం తినకూడదు, అది ప్రాణం. రెండూ కలిపి చదవాలి. మొదటిదే చదివితే మాంసం తినడం పాపమనిపిస్తుంది. రెండోదే చదివితే హద్దు సంగతి మరుగున పడుతుంది. ఈ వారమే లేవీయకాండము 17 కూడా చూడండి. అరణ్యంలో ఎద్దును గాని గొర్రెను గాని మేకను గాని వధిస్తే గుడారం ద్వారం దగ్గరికి తేవాలి, తేకపోతే రక్తం చిందించిన నేరం. దేశంలో స్థిరపడ్డాక దూరం పెరుగుతుంది కాబట్టి ఇంటి దగ్గరే వధించుకోవచ్చని ద్వితీయోపదేశకాండము 12 సడలించింది. అప్పుడు కూడా రక్తాన్ని నీళ్లలా నేలమీద పోయాలి. అంటే ప్రాణం తీయడం ఎక్కడ జరిగినా దేవుడి కళ్లముందు జరిగే పనే.

రెండో వారం ధర్మశాస్త్రంలో జంతువుల పక్షాన ఉన్న వచనాలు. విశ్రాంతి దినం ఎద్దుకూ గాడిదకూ కూడా (నిర్గమ 23:12). పగవాడి గాడిద బరువు కింద పడిపోతే వదిలి వెళ్లకూడదు (23:5). తల్లినీ పిల్లనూ ఒకే రోజు వధించకూడదు (లేవీ 22:28). గూటిలో పిల్లలున్నప్పుడు తల్లిపక్షిని పట్టుకోకూడదు (ద్వితీ 22:6). నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదు (ద్వితీ 25:4). ఇక్కడ చదువుకున్నవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు: "దేవుడు ఎడ్ల కోసం విచారిస్తున్నాడా అని పౌలే అన్నాడు కదా (1 కొరింథీ 9:9)?" పౌలు అక్కడ సువార్త పనివాళ్ల జీతం గురించి వాదిస్తున్నాడు. కళ్లంలో ఎద్దుకే గింజ తినే హక్కు ఉంటే మనిషికి ఉండదా అన్నది ఆ వాదం. ఎద్దు హక్కు నిజం కాకపోతే ఆ వాదమే నిలబడదు.

మూడో వారం సంఖ్యాకాండము 11 (మాంసం కోసం ఏడ్చినవాళ్లు, పూరేళ్లు, వాళ్లను పాతిపెట్టిన చోటు కిబ్రోతుహత్తావా), దానియేలు 1, 10. నాలుగో వారం రోమా 14, 1 కొరింథీ 8, 10. ఐదో వారం యెషయా 58. ఆరో వారం యెషయా 11, రోమా 8:19-22.

రెండు చోట్ల జాగ్రత్త. దానియేలు 1ని బరువు తగ్గే కార్యక్రమంలా బోధించకండి. అతను కాదన్నది రాజుగారి భోజనాన్ని, రాజు పెట్టే అపవిత్రతను. పది రోజులు శాకధాన్యాలు, నీళ్లు అన్నది ఆ నమ్మకానికి పెట్టుకున్న పరీక్ష. శ్రమదినాలకు దగ్గరగా ఉన్నది 10వ అధ్యాయం: దుఃఖంలో మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం ముట్టలేదు. రెండోది, యేసు శాకాహారి అని చెప్పకండి. పునరుత్థానం తర్వాత శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడని లూకా 24 స్పష్టంగా రాసింది. కనికరం గురించి బోధించడానికి కట్టుకథలు అక్కర్లేదు.

కటికి అంగడిలో విచారణ చేయకుండా తినవచ్చన్న 1 కొరింథీ 10:25 గురించి కూడా ఒక మాట. పౌలు వద్దన్న విచారణ "ఇది విగ్రహానికి అర్పించిందా?" అన్నది. "ఈ జీవి ఎలా పెరిగింది, ఎలా చచ్చింది?" అన్న ప్రశ్న గురించి ఆ వచనం మాట్లాడడం లేదు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని దయతో చూస్తాడన్న సామెతలు 12:10 ఆ ప్రశ్న అడగమనే అంటోంది.

పళ్లెంలోకి మాంసం ఎలా వస్తోంది

పేటలో నాలుగు కోళ్లు పెంచుకునే రోజుల్లో తల్లిపక్షి చట్టం అర్థం కావడానికి కష్టపడనక్కర్లేదు. ఇప్పుడు మన ఇళ్లకు వచ్చే బ్రాయిలర్ కోడి సుమారు 35 నుంచి 42 రోజుల్లో రెండు కిలోలకు పెరిగి కత్తికి వెళ్తుంది. మన శ్రమదినాలంత ఆయుష్షు. ఒళ్లు అంత వేగంగా పెరిగేలా జాతిని తయారుచేశారు కాబట్టి చివరి రోజుల్లో చాలా కోళ్లు కాళ్లమీద నిలబడలేవు. ఎండాకాలంలో వేడికి షెడ్లలోనే చనిపోతాయి.

గుడ్డు సంగతి ఇంకా ఆలోచించాలి. "గుడ్డు మాంసం కాదు కదా" అని శ్రమదినాల్లో చికెన్ మాని రోజూ గుడ్లు తినే ఇళ్లు ఎక్కువ. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందున్న రాష్ట్రం. ఎక్కువ ఫారాల్లో లేయర్ కోడి, అంటే గుడ్ల కోసం పెంచే కోడి, ఏడాదికి పైగా తీగ పంజరంలో ఉంటుంది. దానికి దక్కే చోటు రాసుకునే కాగితమంత. రెక్క చాపలేదు, నేల గీకలేదు. లేయర్ జాతిలో మగపిల్ల గుడ్లు పెట్టదు, మాంసానికీ పనికిరాదు కాబట్టి హేచరీలోనే చంపేస్తారు. కథోలిక నియమం మాంసాన్నే వద్దంటుంది, గుడ్లు, పాలు, చేపలు తినవచ్చు. ఆ నియమం ప్రకారం గుడ్డు తప్పు కాదు. కానీ కనికరం కోసం మానుతున్నట్టయితే చికెన్‌కు బదులు గుడ్డు పెట్టుకోవడంలో అర్థం లేదు. గుడ్డు కావాలంటే బయట తిరిగే నాటుకోళ్లున్న ఇంటి నుంచి తెచ్చుకోండి.

మేక, గొర్రె విషయంలో దేశంలో చట్టం ఉంది. జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద 2001లో వచ్చిన కబేళా నియమాలు ఒక జంతువు చూస్తుండగా మరోదాన్ని వధించవద్దంటాయి. చూడిదాన్ని, మూడు నెలలలోపు పిల్ల ఉన్నదాన్ని, మూడు నెలలు నిండనిదాన్ని వధించవద్దంటాయి. లేవీయకాండము 22:28 పక్కన పెట్టి చదివితే రెండూ ఒకే మనసుతో రాసినట్టుంటాయి. రోడ్డు పక్క దుకాణాల్లో ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో ఆదివారం ఉదయం వెళ్లి చూసినవాళ్లకు తెలుసు. జంతువుల పట్ల ఈ పట్టింపు సంఘానికి పరాయిది కాదు. 1824లో లండన్‌లో జంతుహింస నివారణ సంఘం మొదలుపెట్టినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ గురువు. బానిస వ్యాపారాన్ని ఎదిరించిన విల్బర్‌ఫోర్స్ ఆ మొదటి సభ్యుల్లో ఉన్నాడు.

ఇదంతా ఆరాధనలో చెప్పే ముందు పాస్టరుగారు చేయాల్సిన పని ఒకటుంది. సంఘంలో కోళ్ల షెడ్డు నడిపే కుటుంబం ఉండవచ్చు, మాంసం దుకాణం ఉన్నవాళ్లుండవచ్చు, గొర్రెల మీద బతికేవాళ్లుండవచ్చు. ముందే వాళ్లింటికి వెళ్లి కూర్చుని మాట్లాడండి. కంపెనీ కోసం కోళ్లు పెంచే రైతు కోడిపిల్లలనూ మేతనూ ఆ కంపెనీ నుంచే తీసుకుని కిలోకింత అని కూలి తీసుకుంటాడు. జాతి ఏదో, ఎన్నాళ్లు పెంచాలో అతను నిర్ణయించడు. తప్పంతా అతని మీద వేసి ప్రసంగిస్తే అన్యాయం. వాళ్లతో మాట్లాడకుండా ప్రకటించిన సంఘాల్లో మనసులు విరగడం మొదటి వారంలోనే మొదలవుతుంది.

ఎవరు మానకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఏదీ మానకూడదు. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాంసం మానవచ్చు గాని పూట భోజనం మానకూడదు, చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. కథోలిక నియమాల్లో కూడా మాంసం మానడం 14 ఏళ్లు నిండినవాళ్లకే, పూట తగ్గించే ఉపవాసం 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే.

రోజువారీ పళ్లెం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి దాదాపు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. 300 గ్రాముల బియ్యంలో సుమారు 23, 60 గ్రాముల కందిపప్పులో 13, 40 గ్రాముల అలసందల్లో 9, గుప్పెడు (30 గ్రాముల) వేరుశనగపప్పులో 7, పెద్ద కప్పు పెరుగులో 6. మొత్తం 58. పాలూ పెరుగూ కూడా మానేవాళ్లు ఆ చోట 15 గ్రాముల మీల్‌మేకర్ పెట్టుకుంటే ఇంకా ఎక్కువే వస్తుంది.

దీన్నిబట్టి నలుగురున్న ఇంటికి రోజుకు 400 గ్రాముల పప్పుదినుసులు లెక్క వేసుకోండి, వారానికి దాదాపు మూడు కిలోలు. అన్నీ కందిపప్పే కొనకుండా శనగలు, అలసందలు, పెసలు, ఉలవలు కలిపి కొనండి.

చాలా ఇళ్లు ఇక్కడే తప్పుతాయి. కోడికూర తీసేసిన చోట బంగాళాదుంప వేపుడు, పచ్చడి, ఇంకో గరిటె అన్నం వస్తాయి. నాలుగింటికల్లా ఆకలి, నీరసం. పదో రోజుకు "మన ఒంటికి పడదు" అని వదిలేస్తారు. పడనిది శాకాహారం కాదు, పప్పు లేని పళ్లెం.

గ్యాస్ రెండో ఇబ్బంది. భస్మ బుధవారం నాడే ఒక్కసారిగా పప్పులు పెంచకుండా వారం ముందు నుంచి కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. శనగలు, అలసందలు నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించండి, తాలింపులో ఇంగువ, వాము వేయండి. ఇనుము కోసం గోంగూర, తోటకూర, మునగాకు వారంలో నాలుగు రోజులు ఉండాలి. వాటితో నిమ్మరసమో చింతపండో ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము చాలావరకు పోతుంది, గంట ఆగండి. బీ12 మొక్కల్లో ఉండదు. నలభై రోజులకు ఆరోగ్యవంతులకు సాధారణంగా సమస్య రాదు. పాలు, గుడ్లు కూడా లేకుండా ఏడాదంతా కొనసాగేవాళ్లు మాత్రం డాక్టరును అడిగి మాత్రలు తీసుకోవాలి.

ఆదివారం రోజున ఇంటికి రాని కూర వాసన

పిల్లలు వెతికేది చాలావరకు మాంసాన్ని కాదు, ఆ మసాలాను. మీల్‌మేకర్ కూర బాగా కుదిరితే ఆదివారం గొడవ ఉండదు. నలుగురికి 100 గ్రాముల మీల్‌మేకర్. మరిగే నీళ్లలో ఉప్పు వేసి ఐదు నిమిషాలు ఉడికించి, దింపి పది నిమిషాలు ఉంచాలి. నీళ్లు వంచి, చన్నీళ్లు పోసి గట్టిగా పిండాలి. మళ్లీ చన్నీళ్లు పోసి మళ్లీ పిండాలి. రెండోసారి పిండడం మానేస్తే పచ్చి సోయా వాసన కూరంతా పడుతుంది, ముక్కలో మిగిలిన నీరు మసాలాను లోపలికి పోనివ్వదు. పిండిన ముక్కలకు అల్లంవెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, పసుపు, కారం, ఉప్పు, ఒక నిమ్మకాయ రసం పట్టించి అరగంట ఉంచాలి. నూనెలో రెండు పెద్ద ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి అంచులు రంగు మారేదాకా వేయించాలి. అప్పుడే రెండు టమాటాలు, ధనియాలపొడి రెండు చెంచాలు, గసగసాలు, కొబ్బరి నూరిన ముద్ద, గ్లాసున్నర నీళ్లు. నూనె పైకి తేలాక గరంమసాలా, కొత్తిమీర. టమాటా ముందే వేస్తే ముక్క వేగదు, ఉడికిపోయి మెత్తబడుతుంది.

శ్రమదినాలు సరిగ్గా పచ్చి పనసకాయలు, ములక్కాడలు, మామిడికాయలు దిగే రోజుల్లో వస్తాయి. గోదావరి జిల్లాల్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర పెళ్లి భోజనంలో ముఖ్యమైన వంటకం. ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు మూడూ ముట్టదు. వాళ్ల ఇళ్లలో ఆ రోజుల్లో వండే షిరో శనగల వంటి పప్పుల పిండితో చేసేదే, మన శనగపిండి కూరకు దగ్గర చుట్టం.

వందమందికి ప్రేమవిందు

బిర్యానీ లేకపోతే విందు కాదనుకునేవాళ్లకు పనసకాయ బిర్యానీ పెట్టండి. బియ్యం 10 కిలోలు. పనసముక్కలు 8 కిలోలు కావాలి, తొక్క తీశాక బరువు సగానికి దగ్గరగా పడిపోతుంది కాబట్టి 15, 16 కిలోల లేత కాయలు తేవాలి. చేతికీ కత్తికీ నూనె రాసుకుని కోయాలి, లేకపోతే బంక వదలదు. ముక్కలను పసుపు, ఉప్పు వేసిన నీళ్లలో ముప్పావు వంతు ఉడికించి వార్చాలి. పూర్తిగా ఉడికితే దమ్‌లో విడిపోయి ముద్దవుతాయి. వార్చిన ముక్కలను నూనెలో ఒకసారి వేయించి, పెరుగు మసాలాలో గంట నానబెట్టి బియ్యం కింద పరవాలి.

పనసముక్క చూడ్డానికి మాంసంలా ఉన్నా అందులో ప్రొటీన్ చాలా తక్కువ. బిర్యానీ ఒక్కటే పెట్టి పంపితే కూలిపనికి వెళ్లే మనిషికి అది భోజనం కాదు. పక్కన 4 కిలోల శనగలతో కూర్మా, 3 కిలోల కందిపప్పుతో గోంగూర పప్పు తప్పకుండా ఉండాలి. శనగలు నానితే రెండింతలకు పైగా అవుతాయి, పెద్ద గిన్నె తీసుకుని మూడింతల నీళ్లు పోయాలి. మార్చి వేడిలో రాత్రంతా ఒకే నీళ్లలో ఉంటే నురగ వచ్చి పులుస్తాయి. సాయంత్రం ఆరింటికి నానబోసి, పడుకునే ముందు నీళ్లు మార్చి, తెల్లవారుజామున ఉడకబెట్టాలి. ఉప్పు, చింతపండు ఉడికాకే. చింతపండు ముందే వేస్తే శనగ గట్టిగా ఉండిపోతుంది.

మంచి శుక్రవారం మూడు గంటల ఆరాధన తర్వాత ఎండకు అలసిన జనానికి రాగి అంబలి చాలా మేలు. వంద గ్లాసులకు రాగిపిండి 2 కిలోలు, నీళ్లు 16 లీటర్లు, మజ్జిగ 6 లీటర్లు. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి ఆ జావను మరిగే నీళ్లలో పోస్తూ కలపాలి. పొడిపిండి నేరుగా పోస్తే ఉండలు కడతాయి. బాగా చల్లారాకే మజ్జిగ పోయాలి, వేడి మీద పోస్తే విరిగిపోతుంది.

ఎవరింటికైనా వెళ్లినప్పుడు

ముందే కబురు చెప్పగలిగితే చెప్పండి. చెప్పకుండా వెళ్లి, పేద ఇంటివాళ్లు అప్పు చేసి కోడి కోసి వడ్డిస్తే తినండి. మీ ముందు పెట్టినవి తినమని యేసు డెబ్బదిమందికి చెప్పాడు (లూకా 10:8). ఆ పళ్లెం వెనక్కి నెట్టడం ఉపవాసం కాదు. రోమా 14:21 చూసినా పౌలు మాంసం మానమన్నది సహోదరుడికి అడ్డం కలగకుండా ఉండాలని, మానడమే అడ్డమయ్యేలా కాదు.

మిగిలిన డబ్బు

యెషయా 58 ప్రకారం ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టనిదే అది ఉపవాసం కాదు. కాబట్టి శ్రమదినాలకు ముందు నెలలో ఇంట్లో మాంసానికి, గుడ్లకు అయిన ఖర్చు రాసుకోండి. ఈ నలభై రోజుల్లో పప్పులకు అదనంగా అయిన ఖర్చు అందులోంచి తీసివేయండి. మిగిలింది వారంవారం ఒక డబ్బాలో వేయాలి, చివర్లో ఒకేసారి వేద్దామనుకుంటే డబ్బులు కరిగిపోతాయి. పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటున్న తల్లులకు ఇది వేరే నేర్పనక్కర్లేదు. మట్టల ఆదివారం నాటికి డబ్బాలు పోగుచేసి, పవిత్ర వారంలోనే ఇవ్వండి. సంఘంలో ఒంటరి వృద్ధులుంటే నెలకు సరిపడా కందిపప్పు, నూనె, బెల్లం కొనివ్వడం డబ్బివ్వడం కంటే మంచిది.

ఈస్టర్ తర్వాత మాంసానికి తిరిగి వెళ్లే ఇళ్లు శుక్రవారాలు మాత్రం ఏడాదంతా అలాగే ఉంచుకోవచ్చు. కొనేటప్పుడు లైసెన్సున్న దుకాణం, కబేళా ముద్ర ఉన్న మాంసం అడగండి. పెంచిన ఇల్లు తెలిసిన నాటుకోడి అయితే ఇంకా మంచిది. ధర ఎక్కువ కాబట్టి నాలుగు ఆదివారాల బదులు ఒక ఆదివారం తేవాలి. కోళ్లను కాళ్లు కట్టి బండికి తలకిందులుగా వేలాడదీసి తెచ్చే దుకాణంలో కొనకండి, ఎందుకు కొనడం లేదో ఆ యజమానికి మర్యాదగా చెప్పండి.